ఎవరూ అడగని స్కీ కర్ర

“అయితే ఆ కర్ర మీది కాదు.”

“కాదు.”

“మరి ఎవరిది?”

“తెలీదు నాయనా.”

“ఎవరిదో తెలియని కర్ర తీసి, మా దేశంలో అందరికంటే గొప్ప స్కీయర్ చేతిలో పెట్టారు. అదీ ఆవిడ మీ ఫిన్లండ్ పిల్లని దాటబోతుండగా! భలే కుదిరింది కదా?”

“ఆ పిల్ల కర్ర విరిగింది,” అన్నాడు మా నాన్న. “విరిగితే ఇవ్వరూ?”

ఈ ప్రశ్న ఆయన అడగడం అది అయిదోసారి. భద్రతా డేరాలో ఆయనకి ఎదురుగా కూర్చున్నది లుండే. ఒకప్పుడు పోలీసు, ఇప్పుడు ఈ పోటీల భద్రతకి పెద్ద. మనిషి ఆరడుగుల పైమాటే, ముఖం మాత్రం ఉప్పు తక్కువైన చారు తాగినట్టు ఉంటుంది. మేం ఫిన్నులం, వాళ్ళు నార్వేవాళ్ళు. మధ్యలో అందరికీ కొద్దోగొప్పో వచ్చిన స్వీడిష్‌లో కొట్టుకుంటున్నాం.

పెళ్ళయిన పదిహేనేళ్ళకి మొదటిసారి అమ్మనీ నాన్ననీ తీసుకుని, నా భార్యతో కలిసి, ఉల్వ్‌బక్క కొండ మీద ఆడవాళ్ళ ముప్ఫై కిలోమీటర్ల పందెం చూడటానికి వచ్చాను. కారు నిండా సాసేజీలూ, కాఫీ పొడీ, కూర్చోడానికి రెయిన్‌డీర్ చర్మాలూ. పొద్దున్నే స్కీలు వేసుకుని అడవిలోకి ఎక్కి, పందెం దారి పక్కన మంచు తవ్వి, నెగడు వేసుకున్నాం. అంతా బ్రహ్మాండంగా ఉంది. ఆఖరి ఎత్తు మీద, మా నెగడుకి సరిగ్గా ఎదురుగా, నార్వేవాళ్ళ సున్నివా హౌగెన్ చేతిలో కర్ర టప్పున విరిగేదాకా.

స్కీ పందెంలో ఎవరి కర్రైనా విరిగితే పక్కనున్నవాడు తన కర్ర ఇస్తాడు. ఏ దేశం, ఎవరి మనిషి అని అడగడు. శత్రువైనా సరే. అది రూలు కాదు, రూలు కంటే గట్టిది. మా నాన్న ఔలిస్ నలభై ఏళ్ళుగా మా ఊరి పిల్లలకి స్కీయింగ్ నేర్పుతున్నాడు. ఆయన వాళ్ళకి మొదటి రోజు నేర్పేది తోయడం కాదు, ఇవ్వడం. కాబట్టి ఆయన ఆలోచించలేదు. చెయ్యి వెనక్కి పెట్టాడు, అందిన కర్ర లాగాడు, డెబ్బై ఆరేళ్ళ వయసులో మోకాలు లోతు మంచులో ఆ పిల్ల పక్కన పరిగెత్తి చేతిలో పెట్టేశాడు. చుట్టూ జనం ఈలలు, గంటలు, చప్పట్లు. నాకైతే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎందుకు దాచాలి?

పందెం మా పిల్ల గెలిచింది. సున్నివా వెంట్రుకవాసిలో ఓడింది. ఆ తర్వాత ఆవిడ ఆ కర్రని మంచులో పడేస్తే, ఎత్తి చూసిన వాళ్ళకి అది మామూలు కర్ర కంటే రెండింతలు బరువుంది. ఇంకేముంది! టీవీలో అదే బొమ్మ తిప్పి తిప్పి వేశారు. ఫిన్లండ్ ముసలాడు, బరువు కర్ర, ఓడిపోయిన మన సున్నివా.

“మీ సొంత కర్రలు రెండూ మీ నెగడు పక్కనే ఉన్నాయి,” అన్నాడు లుండే. “అవి వదిలేసి ఇది ఇచ్చారు. సీసం పోసి సిద్ధంగా పెట్టుకున్నారు. అయిదింటికి పోలీసు బండి వస్తుంది. పేరు పేపర్లకి నేనే ఇస్తాను.”

నాన్న ముఖంలో రంగు పోయింది. జైలుకి భయపడే మనిషి కాదు. కానీ ఆ పేరు అలా పేపర్లో పడితే, రేపు మా ఊళ్ళో ఏ తల్లి తన పిల్లని ఆయన చేతికి అప్పగిస్తుంది? ఆయనకి అదొక్కటే బతుకు. అమ్మ లేచి నిలబడింది.

“ఏమయ్యా, నీకు తల్లీ తండ్రీ లేరా? పొద్దుట నీ మనుషులకి కూడా కాఫీ పోశాను నేను!”

“కూర్చోండి అత్తయ్యా,” అంది టూలికి.

టూలికి అన్నది నా భార్య పేరు. ఫిన్లండ్‌లో ఊలు నగరం పోలీసుల్లో డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్. ఇంట్లో తాళంచెవి ఎక్కడ పెట్టిందో ఆమెకి ఏనాడూ గుర్తుండదు కానీ, ఎదుటివాడు ఏం దాస్తున్నాడో గుమ్మంలోనే పసిగడుతుంది. ఇంతసేపూ డేరా మూల నిలబడి, బల్ల మీద ప్లాస్టిక్ సంచిలో ఉన్న ఆ కర్రనే చూస్తోంది.

“లుండే గారూ, ఒక్క మాట అడగనా?”

“ఇన్‌స్పెక్టర్ గారూ, ఇది మీ ఊరు కాదు. వచ్చే సోమవారం మీ కోర్టులో తుపాకుల దొంగరవాణా కేసు ఉందట కదా, మీరే ప్రధాన సాక్షి అని పేపర్లో చదివాను. వెళ్ళి అది చూసుకోండి. ఇక్కడ మీరు కోడలు మాత్రమే.”

“కోడలిగానే అడుగుతున్నాను. ఆ కర్ర ఎవరిదో కనుక్కున్నారా?”

“ఎవరిదైతే ఏం? ఇచ్చింది ఈయన.”

“ఈయనది కానప్పుడు ఎవరిదో ఒకరిది కావాలిగా? ఆ మనిషి వచ్చి ‘నాది, నేనే అక్కడ గుచ్చాను’ అంటే మామయ్య మీద మీ కథ అక్కడితో సరి. మైకులో అడిగించండి.”

లుండే నవ్వాడు. “ఎవరొస్తారు?”

“రాకపోతే మీదే గెలుపు. అడిగించడానికి భయమా?”

ఆ దెబ్బ తగిలింది. లుండే చెవులు ఎర్రబడ్డాయి. రేడియో తీసి తన మనిషికి చెప్పాడు. కాసేపటికి కొండంతా మోగింది: సున్నివా వాడిన కర్ర గలవారు దయచేసి భద్రతా డేరాకి రావలెను, ఇన్‌స్పెక్టర్ టూలికి సారెల ఆ కర్ర గలవారికి స్వయంగా కృతజ్ఞతలు చెప్పుకుంటారు. ఆ ఆఖరి ముక్క చెప్పించింది నా భార్యే. మర్యాదగా పిలిస్తే ఎవరైనా వస్తారని ఆమె లెక్క.

కర్ర గలవాడు రాలేదు కానీ, డేరా తెర తీసుకుని సాక్షాత్తూ సున్నివా హౌగెన్ వచ్చింది. ఒంటి మీద పందెం బట్టలే, ముక్కు మీద ఎండిపోయిన ఉప్పు. లుండే కుర్చీ ఖాళీ చేసి నిలబడ్డాడు. ఆవిడ ఆయన్ని దాటి తిన్నగా నాన్న దగ్గరికెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుంది.

“తాతగారూ, మీరు లేకపోతే నేను ఆ ఎత్తు మీదే ఆగిపోయేదాన్ని. థాంక్స్ చెప్పకుండా వెళ్ళిపోయాను. తప్పు నాది.”

నాన్న ఆవిడ తల నిమిరాడు.

“సున్నివా, ఆ కర్రలో...” అని లుండే మొదలెట్టాడు.

“నేను ఓడింది నా కాళ్ళ వల్ల. కర్ర మీదికి తోయకండి. ఆ మాట టీవీవాళ్ళకి చెప్పే వస్తున్నాను.”

ఇదీ మనిషంటే! నార్వే ఆవిడైతేనేం, ఆ క్షణంలో నేను మా దేశం మొత్తాన్ని ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టేవాణ్ణి. అమ్మ అప్పటికే ఆవిడ చేతిలో బన్ను పెట్టేసింది.

టూలికి మాత్రం పనిలో ఉంది. “సున్నివా, ఆ కర్ర పట్టుకున్నప్పుడు ఎలా అనిపించింది? ఏదైనా సరే చెప్పు.”

“బరువు. కొన వైపే ఎక్కువ బరువు. ఇంకోటి, గట్టి మంచు మీద కొడితే మా కర్రలు డొల్లగా టంగుమంటాయి. ఇది మూగగా ఉంది. కొన కూడా జారిపోయింది, గుచ్చుకోలేదు. ఆ పట్టీ ఒకటి!”

“పట్టీకి ఏమైంది?”

“చెయ్యి దూరలేదు. పిడికి అతికించేసి ఉంది. లాగి చూద్దామనుకున్నా, టైం లేదు. వట్టి చేత్తోనే పట్టుకుని ఎక్కాను.”

పట్టీలో చెయ్యి దూర్చి, బలమంతా దాని మీదే వేస్తారు స్కీయర్లు. పట్టీ లేకుండా ఆ ఎత్తు ఎక్కడం అంటే చేద లేకుండా నూతిలో నీళ్ళు తోడటమే. లుండే కూడా ఒక్క క్షణం ఆవిడని నోరు తెరుచుకుని చూశాడు.

“సరే లుండే గారూ,” అంది టూలికి. “బరువు కోసం సీసం పోశారన్నారు. బాగుంది. మరి పట్టీ ఎందుకు అతికించారు?”

“ఆవిడని ఇంకా ఇబ్బంది పెట్టడానికి.”

“ఆవిడ కర్ర మా నెగడు ముందే విరుగుతుందని మా మామయ్యకి కలొచ్చిందా?”

లుండే ఒప్పుకోలేదు. “విరిగేలా ముందే ఏదో చేసి ఉంటారు.”

“కాదు,” అంది సున్నివా. “ముందు వెళ్తున్న అమ్మాయి స్కీ మీద నేనే కర్ర గుచ్చాను. నా తొందర.”

టూలికి చలికోటు బొత్తాలు పెట్టుకుంది. “నేను నెగడు దగ్గరికి వెళ్తున్నాను. మీరూ రండి. కర్ర కూడా తీసుకురండి.”

“అది సాక్ష్యం. నా చేతిలోంచి వదలను.”

“వదలొద్దు. మీరే మొయ్యండి.”

నాన్ననీ అమ్మనీ డేరాలోనే ఉండమన్నారు. బయట ఒక కాపలావాడు. సున్నివాని వాళ్ళ జట్టువాళ్ళు పిలిచి తీసుకెళ్ళిపోయారు. మేం ముగ్గురం స్కీలు తగిలించుకుని ఎక్కాం. దారి పొడుగునా నెగళ్ళు ఆర్పుకుంటున్న నార్వే కుటుంబాలు. కొందరు నన్ను గుర్తుపట్టి ముఖం తిప్పుకున్నారు. ఒక పెద్దావిడ మాత్రం, “మీ నాన్న బాగా పరిగెత్తాడు బాబూ!” అని అరిచింది. ఆవిడ కడుపు చల్లగా ఉండాలి.

“ఒకటి గమనించారా?” అంది టూలికి ఎక్కుతూనే. “మైకులో చెప్పి ఎంతసేపయింది, ఇంకా ఎవడూ రాలేదు.”

“రారని ముందే చెప్పాను,” అన్నాడు లుండే, ఆయాసపడుతూ.

“మీ దేశంలో, సున్నివా హౌగెన్ మీ కర్రతో పందెం ముగించిందనుకోండి. మీరేం చేస్తారు?”

“గోడకి తగిలిస్తాను. చచ్చేదాకా చుట్టాలందరికీ చూపిస్తాను.”

“మరి ఈ కర్ర గలవాడు? కొండ మీంచి ఒంటి కర్రతో దిగి వెళ్ళాడు. ‘అయ్యో నా కర్ర’ అనలేదు. ‘అబ్బ, నా కర్ర!’ అని కూడా అనలేదు. మనలాంటి వాళ్ళు అలా ఉండగలరా?”

ఆ తర్వాత లుండే నడక మారింది. అంతకుముందు మా వెనకాల కాపలాగా వచ్చినవాడు, ఇప్పుడు పక్కకి వచ్చాడు.

మా నెగడు చల్లారి బూడిద అయింది. మేం తవ్విన మంచు అరుగూ, దాని మీద పరిచిన రెయిన్‌డీర్ చర్మాలూ అలాగే ఉన్నాయి. గొడవలో ఎత్తడం మర్చిపోయాం. మధ్యాహ్నం ఎండకి కరిగిన పైమంచు సాయంత్రానికి మళ్ళీ గడ్డకట్టి, ఎక్కడి గుర్తు అక్కడ పట్టేసి ఉంచింది. టూలికి మమ్మల్ని దూరంగా ఆపి, తనొక్కతే మోకాళ్ళ మీద పాకుతూ చూసింది. అరుగు వెనకాల చిన్న చిన్న చిల్లులు. అవి కర్రలు గుచ్చిన చోట్లు.

“ఇవి మామయ్యవి. ఇవి నీవి ఒస్మో. ఇవి నావి, ఇవి అత్తయ్యవి. అన్నీ మేకు దిగినట్టు సన్నగా ఉన్నాయి. కర్ర కొనకి ఉక్కు ముల్లు ఉంటుంది కాబట్టి.” తర్వాత ఆమె వేలు ఒకచోట ఆగింది. “ఇది చూడండి.”

ఆ చిల్లు లావుగా, గుండ్రంగా, మొద్దుగా ఉంది. నా బొటనవేలు దూరేంత.

“కర్ర ఇలా ఇవ్వండి లుండే గారూ. సరే, మీరే పెట్టండి.”

లుండే సంచితో సహా కర్ర కొనని ఆ చిల్లులో పెట్టాడు. అచ్చంగా కూర్చుంది.

“దీనికి ముల్లే లేదు,” అన్నాడు ఆయన నెమ్మదిగా.

“మరి ఏముంది?”

లుండే సంచి విప్పి, కొన తిప్పి చూశాడు. నల్లగా, నున్నగా ఉంది. గోటితో గీకాడు. పేలికలుగా ఊడొచ్చింది. స్కీలకి రాసే మైనం! ఇంకొంచెం గీకితే మధ్యలో చీకటి కనిపించింది. గుండ్రటి ఉక్కు కన్నం. తుపాకీ అంటే ఏమిటో నాకు తెలియదు కానీ, పాతికేళ్ళు పోలీసుగా చేసిన ఆ మనిషి చేతులు ఒక్కసారిగా కదలడం మానేశాయి.

“అటు తిప్పండి, చెట్టు వైపు,” అంది టూలికి. గొంతు పెంచలేదు. “పట్టీ ముట్టుకోకండి. అదే మీట అయి ఉండాలి. గట్టిగా లాగితే పేలుతుంది. అందుకే పొరపాటున ఎవరూ లాగకుండా అతికించి పెట్టుకున్నాడు. పని వేళకి ఊడదీసుకుంటాడు.”

“సున్నివా లాగబోయానంది,” అన్నాను నేను.

“టైం లేదని మానేసింది. మహాతల్లి.”

లుండే కర్రని పసిబిడ్డని పడుకోబెట్టినట్టు మంచులో పెట్టి, కొన మీద రెండు అడుగుల మంచు పోశాడు. తర్వాత టోపీ తీసేశాడు. చలి కొరుకుతోంది, అయినా తీసేశాడు. “ఇన్‌స్పెక్టర్, మీ మామగారికి నేను క్షమాపణ చెప్పుకోవాలి. అందరి ముందూ చెబుతాను, టీవీ ముందు కూడా.”

“చెబుదురుగానీ. ముందు పని పూర్తి కానివ్వండి. ఒస్మో, పందెం వాళ్ళు వచ్చే ముందు మన నెగడు దగ్గరికి ఎవరైనా వచ్చారా? నేను దారి వైపే చూస్తున్నాను.”

“ఒకాయన వచ్చాడు. బూడిదరంగు కోటు. చలి కాచుకోవచ్చా అని అడిగాడు. అమ్మ సంగతి తెలుసుగా, ఒక చేతిలో కాఫీ, ఒక చేతిలో సాసేజ్ పెట్టేసింది. వద్దు వద్దంటున్నా వినలేదు.”

“రెండు చేతులూ నిండితే కర్రలు ఏం చేశాడు?”

“మంచులో గుచ్చాడు. ఇదిగో, ఇక్కడే, వెనకాల.” చెబుతూ చెబుతూ నేనే ఆగిపోయాను.

“ఆ ముందున్న చర్మం మీద ఎవరు కూర్చున్నారు?”

ఆ లావుపాటి చిల్లుకీ ఆ చర్మానికీ మధ్య చెయ్యి చాపితే అందేంత దూరం. అక్కడ కూర్చున్నది నా భార్య. ఆ బూడిదరంగు కోటు వాడి లెక్క ఇదీ: పందెం వాళ్ళు వస్తారు, జనమంతా కర్రలు పైకెత్తి ఊపుతూ అరుస్తారు, గంటలు వాయిస్తారు. ఆ గోలలో ఒక కర్ర ఎటు తిరిగిందో ఎవరు చూస్తారు? ఒక చప్పుడు ఎక్కువైతే ఎవరు వింటారు? సోమవారం కోర్టులో సాక్షి ఉండదు.

అదే క్షణంలో సున్నివా కర్ర విరిగింది. వాడి చేతుల్లో మా అమ్మ కాఫీ. మా నాన్న చెయ్యి వెనక్కి వెళ్ళింది.

ఆ మంచులోనే కూలబడి టూలికిని గట్టిగా పట్టుకున్నాను. లుండే ఉన్నాడని కూడా చూసుకోలేదు. ఏడ్చాను. నాన్న పరాయి దేశపు పిల్లకి కర్ర ఇచ్చాననుకున్నాడు. కోడలికి ప్రాణం ఇచ్చాడు.

“లేవయ్యా,” అంది ఆమె నా వీపు నిమిరి. “ఇంకోటి చూడాలి.” నన్ను మెల్లగా పక్కకి జరిపి, నా మోకాలి కింద మంచు చూపించింది.

అక్కడ రెండో చిల్లు. అదీ లావుగా, గుండ్రంగా, మొద్దుగా ఉంది.

“కర్రలు జతగా ఉంటాయి,” అంది టూలికి. “రెండోది కూడా ఇలాంటిదే. అది వాడి దగ్గరే ఉంది.”

లుండే రేడియో అందుకున్నాడు. “కొండ కింద దారులన్నీ మూయిస్తాను. ఒంటి కర్రతో వెళ్ళేవాడు ఎక్కడికి పోతాడు?”

“పారిపోయేవాడైతే ఈపాటికి వెళ్ళిపోయుంటాడు,” అంది టూలికి. చటుక్కున ఆగింది. ఆమె ముఖం అలా అవడం నేను పదిహేనేళ్ళలో చూడలేదు. “లుండే గారూ, మైకులో ఏమని చెప్పించాను నేను?”

ఆయన చెప్పేలోపే నా ఫోన్ మోగింది. అమ్మ. తీసి స్పీకర్ పెట్టాను.

“ఒస్మో! శుభవార్తరా!” అమ్మ గొంతు పొంగిపోతోంది. “కర్ర గలాయన వచ్చేశాడు. మైకులో విన్నాట్ట. ఎవరనుకున్నావ్? మన నెగడు దగ్గర కాఫీ తాగాడే, ఆయనే! కర్ర తనదేనని కాపలా అబ్బాయి ముందే ఒప్పేసుకున్నాడు. ఇంక మీ నాన్నని ఎవడేమంటాడో చూస్తాను!”

లుండే రేడియో నోటి దాకా ఎత్తాడు. టూలికి ఆయన మణికట్టు పట్టుకుని, వద్దని తల ఊపింది. కాపలావాడు లోపలికి దూకితే మొదటి గుండు ఎవరికో ఆయనకీ అర్థమైంది. రేడియో దించాడు.

“అత్తయ్యా,” అంది టూలికి. వంటింట్లోంచి ఉప్పు అడిగినంత మామూలుగా ఉంది గొంతు. “ఆయన ఏం చేస్తున్నారు?”

“కూర్చున్నాడమ్మా. నువ్వెప్పుడొస్తావని అడుగుతున్నాడు. నీతోనే మాట్లాడతాట్ట. పాపం రెండో కర్ర ఒళ్ళోనే పెట్టుకున్నాడు, పక్కన పెట్టవయ్యా అంటే పెట్టడు. మీ మామయ్య సంగతి చెప్పకు! ‘నా పరువు కాపాడావు బాబూ’ అని ఆయన రెండు చేతులూ పట్టుకుని ఒకటే ఏడుపు. ఆయనేమో విడిపించుకోవాలని చూస్తున్నాడు, ఈయన వదలడు. నాకే సిగ్గేస్తోంది. కాస్త వదలమని చెప్పవే, నువ్వు చెబితే వింటాడు.”

టూలికి అప్పటికే ఒక కాలికి స్కీ తగిలించేసింది. రెండో స్కీని లుండే మోకాలు వంచి ఆమె కాలికి బిగిస్తున్నాడు.

“వదలొద్దని చెప్పండి అత్తయ్యా,” అంది. “నేను వచ్చేదాకా ఆ చేతులు వదలొద్దని చెప్పండి.”